పాప ఏడుపు ఎవరూ వినలేదు

ఇప్పుడు జేబులో ఫోను మోగితే విసుక్కుంటున్నాం గానీ, ఫోను మాట్లాడాలంటే చొక్కా మార్చుకుని బయల్దేరే కాలం ఒకటుండేది. ఆ కాలంలో నేను కళ్యాణదుర్గం బస్టాండు ఎదురుగా ఒక ఎస్టీడీ బూత్‌లో కూర్చునేవాణ్ణి. డిగ్రీ రెండోసారి కూడా తప్పాక నాయన చూపించిన కొలువది. అద్దాల గది, పసుపు బోర్డు, తిరిగే కుర్చీ ఉన్నాయి కాబట్టి నన్ను నేను ఒక చిన్నపాటి ఆఫీసరు కింద లెక్కేసుకునేవాణ్ణి (కుర్చీ ఒకవైపుకే తిరిగేది, అది వేరే సంగతి).

ఆ ఏడాదే మా అక్క కూతురికి గుండెలో రంధ్రం ఉందని తేలింది. పాపకు ఐదో నెలలో బెంగళూరులో ఆపరేషన్ చేశారు, బాగానే జరిగింది. ఇంటికి పంపేముందు చేసిన రక్తపరీక్షలో మాత్రం థైరాయిడ్ తక్కువగా కనిపించింది. అక్కడి డాక్టరమ్మ అక్కనూ, తోడు వెళ్ళిన నన్నూ కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. "గుండె ఆపరేషన్ అయిన పసిపిల్లల్లో కొన్నాళ్ళు ఇది తగ్గడం మామూలే. చాలామందికి దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతే మందు వేయాలి, లేదంటే పిల్ల ఎదుగుదల, తెలివి దెబ్బతింటాయి. పాలు ఎట్లా తాగుతోంది, మరీ మగతగా ఉంటోందా, ఏడుపు ఎట్లా ఉంది, గమనిస్తూ ఉండండి. రెండు వారాలకు మళ్ళీ పరీక్ష చేయించి ఫోన్ చేయండి." ఫోన్ అనే మాట వినగానే నేను ముందుకు జరిగి ఆ బాధ్యత నాదన్నాను. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, ఎక్కువసేపు ఏడవనివ్వొద్దని కూడా ఆమె చివర్లో చెప్పింది. మేం ఇల్లు చేరి చెప్పినవాటిలో మా అమ్మ చెవిన పడింది ఈ చివరి మాట ఒక్కటే.

"గుండెకాయ కోసి కుట్టిన బిడ్డప్పా ఇది. ఏడ్సిందంటే కుట్లు ఊడొస్తాయి" అని అమ్మ తేల్చేసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏడుపు నిషేధం. విత్తనానికి చెనక్కాయలు ఒలిచే ఆడవాళ్ళు, కాయ చిట్లిన చప్పుడుకు పాప ఉలిక్కిపడుతుందని చేటలతో సహా పక్కింటి వసారాకు మారిపోయారు. సాయంత్రం మా వీధిలోంచి పోయే గొర్రెల మంద వెనక సందుకు మళ్ళింది. "ఏమక్కా, గొర్రెలకు నోరు మూసుకోమని ఎట్ల చెప్పేది" అని సణుగుతూనే కాపరి దారి మార్చుకున్నాడు. దిష్టి తీసిన మిరపకాయలను అమ్మ వీధి చివరిదాకా మోసుకెళ్ళి కాల్చి వచ్చేది. పాప పెదవి విరిచిందంటే చాలు, నాయన గిలక్కాయ తీసేవాడు, అక్క పాలకు పెట్టుకునేది, నేను కోతిమొహం పెట్టేవాణ్ణి (నీకు పెద్ద కష్టం లేదులే అనేది అక్క). చూడ్డానికి వచ్చిన చుట్టాలంతా "ఎంత బుద్ధిమంతురాలో, కుయ్యిమనదు" అని మెచ్చుకుని పోయేవారు.

రెండు వారాలకు అనంతపురంలో రక్తం ఇచ్చాం. సూది గుచ్చేముందే అక్క పాలకు పెట్టుకోవడంతో పాప ఒకసారి మూలిగి మళ్ళీ పాల మీద పడింది. అమ్మ గర్వంగా చుట్టూ చూసింది. రిపోర్టు చేతికి రాగానే బూత్ నుంచి ఫోన్ చేసి డాక్టరమ్మకు చదివి వినిపించాను.

"కొంచెం పెరిగింది, కానీ ఇంకా తక్కువే. మందు మొదలుపెట్టాలా, ఆగి చూడాలా అన్నది పాపను బట్టి ఉంటుంది. ఏడుపు ఎట్లా ఉంది, గట్టిగానా, బొంగురుగానా?"

"ఏడుపే లేదు మేడం" అన్నాను గర్వంగా.

"సూది గుచ్చినప్పుడో?"

"అప్పుడు కూడా లేదు మేడం. శానా మంచి పిల్ల."

డాక్టరమ్మ గొంతు మారింది. "అరగంటలో పాపను ఫోన్ దగ్గరికి తీసుకురండి. ఏడుపు నేను వినాలి. ఏడవలేకపోతే ఈరోజే బెంగళూరుకు బయల్దేరండి." మంచితనం కూడా జబ్బు లక్షణం కావచ్చని నాకప్పుడు తెలిసింది. భయంతో ఇంటికి పరుగెత్తాను.

మా కుటుంబమంతా బూత్‌లోకి వచ్చింది, నేను డాక్టరమ్మకు మళ్ళీ ఫోన్ కలిపాను. ఇక ఏడిపించాలి. ఎవరు? "మేనమామవు గదరా, నువ్వు గిల్లు" అన్నాడు నాయన. "గిల్లినావంటే ఈ పొద్దు నీకు కూడు లేదు" అంది అమ్మ. కోపంగా మొహం పెడితే భయపడుతుందేమోనని పెట్టాను. పాప కిలకిలా నవ్వింది. అక్క మొహంలో మాత్రం రక్తం లేదు. వేరే దారి తోచక రిసీవరు పాప చెవి దగ్గర పెట్టాను. "ఏం పాపా, ఎట్లున్నావు?" అంది డాక్టరమ్మ.

ఆస్పత్రిలో ప్రతి సూదికీ ముందు వినిపించిన గొంతు అది. పాప కళ్ళు పెద్దవయ్యాయి, పెదవి వంకర తిరిగింది, ఆ తర్వాత కేరుమంది. రెండు వారాలుగా దాచుకున్నదంతా ఒక్కసారే బయటికి వచ్చింది. బస్టాండులో జనం వెనక్కి తిరిగి చూశారు. అమ్మ అలవాటు కొద్దీ గిలక్కాయ ఎత్తింది. అక్క ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. "ఉండు మా. ఏడ్సనీ. నన్ను విననీ" అంటూ తనూ ఏడ్చేసింది. నాక్కూడా కళ్ళు తడిశాయి, పక్కకు తిరుగుదామంటే కుర్చీ తిరగలేదు.

"చాలు చాలు, నా చెవి పోయింది" అని డాక్టరమ్మ నవ్వింది. "గొంతు బాగుంది. మందు ఇప్పుడే వద్దు. ఏడుపు ఒక్కదాన్నే నమ్మలేం కాబట్టి వచ్చే వారం మళ్ళీ రక్తం చూపించండి." ఆ పరీక్షలో థైరాయిడ్ ఉండాల్సిన స్థాయికి వచ్చింది. అమ్మ కుట్లన్నీ తడిమి చూసుకుని, ఒక్కటీ ఊడలేదని నమ్మకం కుదిరాక, చెనక్కాయల వాళ్ళను వెనక్కి పిలిచింది.

బూత్ ఎప్పుడో పోయి అక్కడ చెరకురసం బండి వచ్చింది. విచిత్రమేమిటంటే, మా ఇంట్లో ఇప్పుడు థైరాయిడ్ మాత్ర మింగేది నేను. పరగడుపునే వేసుకోవాలి, నేనేమో మరిచిపోతుంటాను. అందుకని రోజూ పొద్దున్నే మా మేనకోడలు ఫోన్ చేసి, "మామా, మాత్ర ఏసుకున్యావా లేదా?" అని ఇల్లదిరేలా అరుస్తుంది. ఫోను చెవికి బారెడు దూరంలో పట్టుకుని వింటాను. కాస్త మెల్లగా మాట్లాడమ్మా అని మాత్రం ఇంతవరకు ఒక్కసారీ అనలేదు.