నెత్తిమీదుగా పోయే మొగుడు

చిత్తూరుకు దక్షిణాన గుడిపాలలో పంకజాక్షి ఇల్లు ఊడ్చే వేళ ఊరందరికీ వింతే. పొద్దు బారెడెక్కినా చీపురు మూలనే ఉండేది. బద్ధకం కాదు. మనిషి ప్రయాణంలో ఉండగా ఇల్లు ఊడ్వరాదు, ఊడిస్తే మళ్ళీ ఆ గడప తొక్కడని పెద్దల మాట. ఆమె మొగుడు ధనంజయ రోజూ పొద్దున ప్రయాణంలోనే ఉండేవాడు మరి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసినాక బెంగుళూరు నుంచి మద్రాసుకు పోయే విమానంలో దొరలకు కాఫీ అందించే కొలువు దొరికింది అతనికి. "నూటెనభై మైళ్ళు. రైల్లో అయితే పగలంతా పడతాది, దీంట్లో ఒక గంట. మన ఊరి మీదనే పోతాది, సూస్తా ఉండు" అని చెప్పి వెళ్ళాడు. కొలువంటే అదీ. పెళ్ళాం నెత్తిమీదుగా పోతాడు, పెళ్ళాం ముఖం చూడడు. నడిమధ్య దిగడానికి అదేమన్నా జట్కా బండా?

విమానం మోత వినబడగానే ఆమె పెరట్లోకి పరిగెత్తి, ఆకాశానికి చేతులెత్తి మొక్కేది. కనుమరుగయ్యాక సంగటి కెలికి దించేదాకా ఆగి, చేరుంటాడులే అని చీపురు పట్టేది. వాన హోరులో మోత వినబడకపోతే ఆ రోజుకు ఊడ్చేదే లేదు.

"నీ మొగుడు గాల్లో ఉంటే, ఊడ్వని నీ వాకిట్లో గింజలేరుకునే మా కోళ్ళకు పండగే పంకజం" అనేది పక్కింటి పోలేరమ్మ. పంకజాక్షి నవ్వేది. పిల్లా జెల్లా లేని ఆ ఇంట్లో, మోత కోసం చెవులు రిక్కించిన ఆ కాసేపే ఆమెకు కాపురం.

రెండేళ్ళకు ఒక మధ్యాహ్నం ధనంజయ బస్సు దిగి వచ్చాడు. అన్నం పెడుతూ అడిగింది.

"ఈపొద్దు విమానం లేదా?"

"దాన్ని ఇడిసి ఏడాదైంది" అన్నాడు తల దించుకుని. "చెవిలో చీము పట్టిందని దింపేసినారు. బెంగుళూరులోనే ఒక హోటల్లో ఉండాను."

"మరి దినామూ పొద్దున పోయేది?"

"దాంట్లో వేరే ఎవడో ఉండాడు."

ఏడాదిగా తను మొక్కింది ముక్కూ మొహం తెలియని వాడికి. అదీ పోనీ.

"బెంగుళూరు నుంచి ఈడికి బస్సు లేదా?"

"రావాలనే అనుకుంటి" అన్నాడు ధనంజయ. విమానం ఆగదు, సరే. బస్సు ఆగుతుంది కదా. రాత్రంతా గోడవైపు తిరిగి పడుకుంది.

తెల్లారి అతను సంచి తగిలించుకుని, వచ్చే నెల వస్తానని చెప్పి బయలుదేరాడు. వీధి మలుపు కూడా తిరగలేదు, పంకజాక్షి చీపురు తీసుకుని నట్టింటి నుంచి వాకిలి దాకా ఊడ్చుకుంటూ వచ్చింది.

పోలేరమ్మ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఏం పని ఇది? మనిషి ఇంకా కనపడతానే ఉండాడు గదే. పోయినోడు తిరిగి రావద్దా?"

"పోయి ఏడాదైందక్కా" అంది పంకజాక్షి, చెయ్యి విడిపించుకుంటూ.