రాగి కాగు పక్కన బావ

మొన్న బొబ్బిలిలో ఒక పెళ్లికి వెళ్తే ఫోటోగ్రాఫరు "సార్, కొంచెం నవ్వండి సార్" అంటూ నా ప్రాణం తీశాడు. నేను బిగుసుకుపోయి నిలబడ్డాను. చుట్టాలు పొగరనుకుని ఉంటారు. నిజానికి ఆ మాట వింటే నాకు ఏడుపొస్తుంది. దానికి కారణం మా బావ, అంటే మా అక్క భర్త.

విజయనగరం అవతల, దొరలు కంటోన్మెంటు సిపాయిల కోసం కట్టించిన పాత బీరు కంపెనీ ఒకటి ఉండేది. బావ అందులో ముప్ఫై ఏళ్లు రాగి కాగు దగ్గర పనిచేశాడు. కాగంటే నీళ్లు కాచుకునేది కాదు. గుమ్మటం లాంటి మూత, ఎక్కడానికి ఇనుప నిచ్చెన, లోపల పదిమంది నిలబడేంత చోటు. బార్లీ రసం అందులోనే మరిగేది. తమాషా ఏమిటంటే మాది బాప్టిస్టు కుటుంబం, బావ బీరు చుక్క కూడా నోట వేసుకుని ఎరగడు. ఆదివారం గుడిలో ఆయన పక్కన కూర్చుంటే ఉడికిన గింజల వాసన వచ్చేది. సంఘపెద్దలు ముక్కులు చిట్లించేవారు గానీ కానుకల సంచి మాత్రం ఆయన ముందు కాస్త ఎక్కువసేపే ఆగేది. బావ రుచి చూడకుండా, మరిగే చప్పుడు విని "ఇంక సాలు, ఆపీండి" అనేవాడట. ఒక్కసారి కూడా లెక్క తప్పలేదని తోటివాళ్లు చెప్పుకునేవారు.

ఆ కంపెనీ మూతపడింది. పాత సామాను కొన్న కాంట్రాక్టరు కాగును ముక్కలుగా కోయించబోతున్నాడని తెలిసిన రోజు బావ మా ఇంటికి వచ్చాడు. రెండు వేల పది దాటిన కొత్త. నేను సబ్బుపెట్టెంత డిజిటల్ కెమెరా ఒకటి కొని, వీధిలో మేకల్నీ, ఇంట్లో చెంబుల్నీ కూడా వదలకుండా తీస్తున్న రోజులు.

"ఒరే, ఆ కాగు పక్కన నన్నొక్క ఫోటో తియ్యరా. ముప్పయ్యేళ్లు దాని సెగ తిన్నాను. రేపది ఉండదు. నాకేటి గురుతుంటాది?" అన్నాడు. ఆయన నోరు తెరిచి నన్ను అడిగింది అదొక్కటే.

శుక్రవారం మధ్యాహ్నం వెళ్లాం. వాచ్‌మన్ బావను చూసి మారు మాట్లాడకుండా గేటు తీశాడు. నేను సగం ఆయన కోసం, సగం కెమెరాను పరీక్షించుకోవడం కోసం వెళ్లాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. గబ్బిలాల కంపు కొట్టే గదులు, ఎండిపోయిన తొట్టెలు, గడియ ఊడిన తలుపులు, అన్నిటినీ తీశాను. కెమెరా మీది చక్రాన్ని ప్రతి గుర్తు మీదికీ తిప్పి చూశాను. ఈలోగా బావ తువ్వాలుతో కాగును చెయ్యందినంత మేర తుడిచి, చొక్కా పై గుండీ పెట్టుకుని, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను నొక్కాను. కెమెరా ముందున్న ఎర్రదీపం మినుకుమినుకుమంది తప్ప ఫోటో పడలేదు. దగ్గరికి వెళ్లాను, దూరం జరిగాను. దీపం వెలుగుతూ ఆరుతూనే ఉంది. బావ చెయ్యి తియ్యలేదు.

"పడినాదేటిరా?"

"లేదు బావా. నువ్వొకసారి నన్ను తియ్యి, చూద్దాం."

కెమెరా ఆయన చేతిలో పెట్టి, కాగు పక్కన నిలబడి అలవాటుగా పళ్లికిలించాను. టకటకా మూడు పడ్డాయి. హమ్మయ్య అనుకుని మళ్లీ బావను నిలబెట్టాను. మళ్లీ దీపమే. కాసేపటికి బ్యాటరీ అయిపోయి అదీ ఆరిపోయింది.

"పోనీలేరా. దానికీ నాను అక్కర్నేదు గావాల," అని బావ పై గుండీ విప్పుకున్నాడు.

మర్నాడు కెమెరా కొన్న షాపుకి వెళితే, షాపతను చక్రం చూసి నవ్వాడు. "ఇది ఎదర మనిసి నవ్వితేనే తీస్తాది సార్. మీరు దాన్ని ఆ గుర్తు మీద ఎట్టీసినారు." ఆ క్షణమే బావ ఇంటికి పరుగెత్తవలసింది. బ్యాటరీ నిండనిద్దాం అనుకున్నాను. ఆదివారం ఆరాధన అయ్యాక చూద్దాం అనుకున్నాను. ఆరాధన తర్వాత భోజనం చేసి పడుకున్నాను. సోమవారం ఇద్దరం వెళ్లేసరికి కాగు ఉన్నచోట గచ్చు మీద గుండ్రటి మచ్చ మిగిలింది. ఆదివారం సాయంత్రం మొదలెట్టి రాత్రికి రాత్రే కోసి పట్టుకుపోయారని వాచ్‌మన్ చెప్పాడు. బావ దాని చుట్టూ ఒకసారి నడిచి, "పదరా," అన్నాడు.

నవ్వు సంగతి ఆయనకు చెప్పలేదు. నవ్వనందుకే రాలేదని చెబితే, ఎందుకు నవ్వలేదని నిలదీసినట్టే కదా. నవ్వడానికి అక్కడ ఆయనకేముంది? ఆ తర్వాత బావ ఎవరినీ ఏమీ అడగలేదు. పిలిస్తే వచ్చేవాడు, పెడితే తినేవాడు. రెండో ఏడు పోయాడు, ఆఖరికి ఆ చిన్న యంత్రం కూడా తనను వద్దందనే నమ్మకంతోనే. ఒక్క మాట చెబితే పోయే ముల్లు. చెప్పలేదు. దీనికి క్షమాపణ ఎవరిని అడగాలో నాకిప్పటికీ తెలియదు.

ఆ కాగుకి లోకంలో ఉన్నవి మూడే ఫోటోలు. మూడింట్లోనూ, దానితో ఏ సంబంధమూ లేని నేను నవ్వుతూ ఉన్నాను. కాలం మాకు వ్యవధి ఇవ్వలేదని అందరిలా నేను అనలేను. శుక్రవారం అది ఎర్రదీపం పట్టుకుని ఎంతో సేపు మా కోసం నిలబడింది, ఆదివారం సాయంత్రం దాకా కూడా చూసింది, నేనే నిద్ర లేవలేదు.