చెవి అందని అన్న

రిటైర్మెంటు వయసు ఇంకో రెండేండ్లు పెంచాలని మహబూబాబాద్‌ల మా ఉద్యోగులం మీటింగు పెట్టుకున్నం. తీర్మానం కాయితం నా చేతికొచ్చేసరికి రెండు పేజీల సంతకాలైనయి. నాది కూడ అయిపోతుండె. అబద్ధమెందుకు, పెంచితే బాగుండుననే నాకూ ఉండె. ఇంక ఐదు నెలల కొలువే మిగిలింది. ఫ్యాను కింద నా కుర్చీ, పదకొండు గంటల చాయ్, ఇవి ఇడిసిపెట్టి ఇంట్ల కూసుంటే నాకు పిచ్చిలేస్తది.

మైకు పట్టుకున్నాయన, "ఆయుష్షు పెరిగింది. అరవై అంటే ఇప్పుడు ముసలితనమే కాదు, ఎవరైన హాయిగ పనిచేస్తరు" అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు. నాకు మా అన్న యాదికొచ్చిండు.

మా అన్న జనగామ మార్కెట్ల హమాలి. ముప్పై ఏండ్లకెళ్లి వడ్ల బస్తాలు మోస్తుండు. ఆ వారమే ఫోన్ చేసి, "చెల్లె, కుడి రెక్క లేస్తలేదే. బస్తా ఎత్తుడు నాతోని అయితలేదు. ముసలోళ్ల పింఛన్‌కు పోతే నాకింక ఏడాది తక్కువుందంటున్నరు" అన్నడు. మళ్ల, "మీరు వయసు పెంచుమంటున్నరట గద. మా పింఛన్ వయసు సుత పెంచుతరానే?" అని అడిగిండు.

అన్న నాకంటే రెండేండ్లు పెద్ద. కాయితాల మీద నాలుగేండ్లు చిన్నోడు. నవ్వకుండ్రి, దీనికంతటికి కారణం మా ఇద్దరి చెవులు.

చిల్పూర్ కాడ మా ఊరిబడిల పుట్టిన తారీకు ఎవరడిగిండ్రు? కుడిచెయ్యి నెత్తి మీదికెళ్లి తెచ్చి ఎడమ చెవి పట్టుకోవాలె. అందితే ఐదేండ్లు నిండినట్టు, అందకుంటే ఇంటికి పో. మా నాయిన ఇద్దరినీ ఒక్క దినమే తీస్కపోయిండు. నాకు నాలుగే, గని చేతులు పొడుగు. టక్కున పట్టిన. సారు ఐదు రాసిండు. అన్నకు నిజానికి ఆరు నిండినయి. చిన్నప్పటి జెరాలకు ఎదగక పొట్టిగుండె. మెడ వంచిండు, మునివేళ్ల మీద లేసిండు, అందలే. బడిపిల్లలంతా ఒక్కతీరుగ నవ్విండ్రు. నేను సుత నవ్విన. అదే నాకిప్పటికీ కలుక్కుమంటది.

నేను బడికి, అన్న మేకలెంబడి. నాలుగేండ్లకు కొత్త సారొచ్చి పదేండ్ల అన్నను పట్టుకొచ్చి ఒకటో తరగతిల కూసోబెట్టిండు. ఒకటో తరగతి అంటే ఐదే గద అని ఐదే రాసిండు. అన్న మూడోది దాకనే చదివిండు. ఆ రాత మాత్రం ఆధార్ కార్డు దాకొచ్చింది.

మీటింగుల ఇదంతా నెత్తిల తిరిగేసరికి నాకు కోపం ఆగలే. లేసి నిలబడ్డ. "సంతకం పెడుత. గని ఇంకో మాట రాయిండ్రి. బరువులు మోసెటోళ్లకు, నాట్లేసెటోళ్లకు పింఛన్ మనకంటే ముందు రావాలని రాయిండ్రి. కుర్చీల కూసున్నోళ్ల ఆయుష్షు చూపెట్టి వాళ్ల వయసు పెంచితే ఊరుకోమని రాయిండ్రి" అన్న. మైకాయన, "మేడం, అది మన ఎజెండ కాదు" అన్నడు. "అయితే నా సంతకమూ మీది కాదు" అని కాయితం పక్కోళ్లకిచ్చిన.

మా సెక్షన్ల భూపాలపల్లి ఘనపూర్ నుంచి బదిలీ మీద వచ్చిన అక్క ఒకామె ఉన్నది. బయటికొచ్చినంక నా రెక్క పట్టుకొని, "ఏం చేస్తవే ఇప్పుడు?" అన్నది.

చెవుల ముచ్చటంత చెప్పిన. "జనగామ పోత. అన్న వయసు తప్పని నేనే రాసిస్త."

"నీకు పిచ్చా? నువ్వు చెల్లెవని రాస్తే నీ వయసు సుత తప్పే అయితది. ఐదు నెలలల్ల దిగిపోతున్నవు, సర్వీసు బుక్కు తిరగేస్తే నీ పింఛనే ఆగుతది. నోరు మూసుకోని ఉండు."

భయమైంది, కాలేదనను. గని ఆ దినం నవ్విన నోరు మళ్ల మూసుకోవాల్నా? తెల్లారి రైలెక్కి, జనగామల అన్నను ఎంబడి తీస్కపోయిన.

పింఛన్లు చూసే ఆఫీసుల సారు అన్న ఆధార్ చూసి, "వయసు రాలేదమ్మా, నేనేం చేస్త" అన్నడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటరు గద. నా పదో తరగతి సర్టిఫికెట్ ఆయన ముందల పెట్టిన. "సారూ, ఇది నాది. నాయిన పేరు చూడుండ్రి, ఇంటిపేరు చూడుండ్రి. నేను ఈయన చెల్లెను. చెల్లె అన్నకంటే నాలుగేండ్లు ముందు పుడుతదా?"

సారు రెండు కాయితాలు పక్కపక్కన పెట్టుకున్నడు. చెవి ముచ్చట చెప్పిన. ఆయన మొకం మీదికి నవ్వొచ్చింది. "మమ్ములను సుత గట్లనే తీస్కున్నరు బడిల" అని అన్న దిక్కు తిరిగి, "ఏదీ పెద్దమనిషీ, ఇప్పుడందుకో" అన్నడు.

ఉత్తగనే అన్నడు. అన్న మాత్రం బడిపిల్లగాని లెక్క లేసి నిలబడ్డడు. కుడిచెయ్యి లేపిండు. భుజం దాకొచ్చి ఆగింది. పండ్లు కరిసి, ఎడమ చేత్తోని మోచెయ్యి కిందికెళ్లి ఎత్తిండు. మెడ వంచిండు. మునివేళ్ల మీద లేసిండు. చెయ్యి కణత కాడికొచ్చి, కిందికి జారింది.

"అప్పుడూ అందలే, ఇప్పుడూ అందలే సారూ" అని నవ్విండు అన్న.

ఈసారి ఇంకెవరూ నవ్వలే. సారు అన్నను కూసోమని, నా దిక్కు తెల్లకాయితం జరిపిండు. "రాసియ్యిండ్రమ్మా. దవాఖానల డాక్టర్‌తోని వయసు పరీక్షకు పంపుత. గని మీ సంతకం కింద మీ కొలువు సుత రాయాలె" అన్నడు.

అన్న నా చెయ్యి పట్టుకున్నడు. "వద్దే. ఏడాదే గద, మోస్త" అన్నడు.

చెయ్యి గుంజుకున్న. 'ఈయన నా అన్న. నాకంటే రెండేండ్లు పెద్ద' అని రాసి, కింద నా కొలువు రాసి, సంతకం పెట్టిన.