వైరు లేని మిషన్, మీర్‌పేట్ పెద్దమ్మ

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టడానికి నాకింకా జుట్టు నెరవలేదని మా అక్క అభ్యంతరం. కానీ మెట్రో ఎల్‌బీ నగర్ దాకా కొత్తగా వచ్చి, జనం పనేమీ లేకపోయినా ఒకసారి ఎక్కి దిగి వస్తున్న ఆ కాలం నాకు చాలా దూరంగానే అనిపిస్తుంది. అప్పుడే నా డిగ్రీ అయిపోయింది. మేం గుంటూరు వైపు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడినవాళ్ళం. ఆ వీధుల్లో పెరిగిన ప్రతి బిడ్డా ఏదో ఒక కోచింగ్‌లో చేరి తీరాలన్నది మా నాన్న సిద్ధాంతం. నేను మాత్రం నాకు మాట్లాడే ఉద్యోగమే కావాలని పట్టుబట్టి, మెయిన్ రోడ్డు మీద ఇంటి సామాన్ల షోరూములో డెమో అమ్మాయిగా చేరాను. (నీలం రంగు కోటు ఒకటిచ్చారు. అది తొడుక్కుంటే సగం డాక్టర్‌నైపోయినట్టుండేది.) నెల తిరిగేలోగా రెండు పెద్ద మిషన్లు అమ్మితే ఉద్యోగం ఖాయం, లేకపోతే నోరు మూసుకుని బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరడం. ఇదీ నాన్నకూ నాకూ కుదిరిన ఒప్పందం.

మిషన్ అంటే వైరు లేని వాక్యూమ్ క్లీనర్. ఛార్జింగ్ పెట్టి చేత్తో పట్టుకుని తిరగడమే. మామూలుగా నడిపితే నలభై నిమిషాలు వచ్చేది, బాగా గట్టిగా లాగే స్పీడులో పెడితే ఎనిమిది. మా మేనేజరుకి నేను రహస్యంగా పెట్టుకున్న పేరు గంభీరం గారు. ఆయన నన్ను పక్కకు పిలిచి, "నలభై అని చెప్పి ఆగిపో. ఎనిమిది సంగతి వాళ్ళే పుస్తకంలో చదువుకుంటారు" అన్నారు. నేను తలూపాను. నెలాఖరుకి రెండు రోజులుంది. అప్పటికి ఒక్కటే అమ్మాను, అదీ మా పిన్నికి.

అలాంటి సమయంలో మీర్‌పేట్ నుంచి ఒక కోడలు ఇంటికి వచ్చి చూపించమని కబురు చేసింది. మధ్యాహ్నం మూడింటికి ఆటోలో మిషన్‌ని ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. హాల్లో దివాన్ మీద మామగారు పడుకుని ఉన్నారు. అత్తగారు తలుపు దగ్గరే నన్నూ, నా మిషన్నీ కిందికీ పైకీ చూసి, "ఏంది బిడ్డా గిది, తుపాకి లెక్క ఉన్నది? వైరే లేదు, ఎట్ల నడుస్తది?" అంది. తర్వాత కోడలి వైపు తిరిగి, "ఊడ్వనీకి మిషనెందుకే? నా చేతులు పడిపోయినయా?" అంది.

"దుమ్ముకు తుమ్ములొస్తున్నయ్ అత్తమ్మా. దవాఖానల డాక్టర్ చీపురు ముట్టొద్దన్నడు గద" అంది కోడలు, తుమ్ముతూనే.

"నువ్వెక్కడ ముడుతున్నవ్? ఊడ్చేది నేనే గద!"

నేను గొంతు సవరించుకుని నా పాఠం మొదలుపెట్టాను. నలభై నిమిషాల దగ్గర కాస్త గట్టిగా పలికి ఆగాను. పెద్దమ్మ (అత్తగారిని నేను అలాగే పిలిచాను) వంటింట్లోంచి గుప్పెడు నూకలు తెచ్చి నేల మీద చల్లి, "తియ్యి చూద్దాం" అంది. పౌరుషంతో స్పీడు పూర్తిగా పెంచేశాను. నూకలు మాయమయ్యాయి. కోడలు చప్పట్లు కొట్టింది. ఆ ఊపులో తలుపుల మూలలు, సోఫా సందులు, కర్టెన్ల అంచులు అన్నీ తుడిచి, దివాన్ కిందికి వెళ్ళాను. అక్కడ వేలాడుతున్న మామగారి లుంగీ అంచుని మిషన్ అమాంతం పట్టుకుంది.

"ఓయ్! ఎవర్రా గుంజేది?" అని ఆయన లేచి కూర్చుని రెండు చేతులా లుంగీ పట్టుకున్నారు. నేను కంగారులో ఆపే మీట మర్చిపోయి (ఆ మీట గురించి పది రోజుల శిక్షణ తీసుకున్న మనిషిని) ఇంకా గట్టిగా నా వైపు లాగాను. ఆయన అటు, నేను ఇటు. సరిగ్గా అప్పుడే బ్యాటరీ అయిపోయి, మిషన్ ఒక మూలుగు మూలిగి ఆగిపోయింది. ఆయన పరువు దక్కింది, నాది పోయింది.

కోడలు నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగింది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "నలభై నిమిషాలన్నవ్ గద బిడ్డా. పది గూడ కాలె."

"ఛార్జింగ్ సరిగ్గా ఎక్కలేదనుకుంటానండీ."

"ఎక్కలేదా, ఎక్కదా?"

దివాన్ కింద మిగిలిన దుమ్మైనా ఎత్తుదామని మూలనున్న చీపురు తీసుకున్నాను. "నీకు చీపురు పట్టుడు గూడ రాదు, ఇటియ్యి" అని ఆవిడ లాక్కుని వంగింది. రెండు సార్లు ఊడ్చిందో లేదో, చీపురు చేతిలోంచి జారి కింద పడింది. కుడి మణికట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కోడలు పరుగున వచ్చి చూస్తే చెయ్యి వాచి ఉంది.

"ఎప్పటిసంది అత్తమ్మా? నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు చీపురు పడ్తవ్. మల్ల తుమ్ముకుంట కూసుంటవ్" అంది ఆవిడ, అదేదో కోడలి తప్పైనట్టు.

ఆ మాట విన్నాక మిగతా పాఠం చెప్పబుద్ధి కాలేదు. "పెద్దమ్మా, ఇది మీరు కొనకండి" అన్నాను. ఎనిమిది నిమిషాల సంగతి చెప్పేశాను. మిషన్ ఆవిడ ఎడమచేతికిస్తే బరువుకి చెయ్యి కిందికి వాలిపోయింది. "మా షాపులో ఇంకోటి ఉంది. చిన్నది, ఇందులో సగం బరువు. ఇంత గట్టిగా లాగదు గానీ రెండు గదులు ఊడ్చేస్తుంది. తర్వాత ఛార్జింగ్ పెట్టుకోవాలి. మీ చేతికి అదైతేనే మంచిది."

మర్నాడు అత్తాకోడళ్ళిద్దరూ దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, చిన్నదాన్ని అటూ ఇటూ పదిసార్లు ఎత్తి చూసుకుని కొనుక్కున్నారు. గంభీరం గారు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. "పెద్దది వద్దని నువ్వే చెప్పావా?" అని అడిగి, నా సమాధానం విని, నీలం కోటు వెనక్కి తీసుకున్నారు. ఒకటో తారీకున నేను కోచింగ్ సెంటర్లో మూడో బెంచీ మీద కూర్చుని ఉన్నాను. (ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు బ్యాంకులో రోజంతా మాట్లాడుతూనే ఉంటాను. నాన్న దీన్ని తన గెలుపుగానే చెప్పుకుంటారు.)

పెద్దమ్మ షాపులో అడిగి నా నంబరు సంపాదించింది. ఉరుములొస్తే ఛార్జింగ్ పెట్టొచ్చా, దేవుని అర్ర ఊడ్వొచ్చా అని ఫోన్ చేసేది. ప్రతిసారీ చివర్లో, "ఐతారం రా బిడ్డా. సర్వపిండి జేస్త. మా ముసలాయన గూడ అడుగుతుండు, లుంగీ గుంజిన పిల్ల ఏమైందని" అనేది. "వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానండీ" అనేదాన్ని. ప్రతి ఆదివారం మాక్ టెస్టు ఉండేది. తర్వాత ఉద్యోగం, తర్వాత పెళ్ళి. మధ్యలో ఎక్కడో ఫోను మారింది, ఆ నంబరు పోయింది.

మొన్న నాగోల్‌లో మా కొత్త ఫ్లాటుకి వాక్యూమ్ క్లీనర్ చూస్తూ, మా ఆయనకి ఇదంతా చెప్పాను. ఆయన లుంగీ దగ్గర పడీపడీ నవ్వి, "మరి వాళ్ళింటికి వెళ్ళావా?" అని అడిగారు. లేదన్నాను. మూడో బెంచీ మీది ఆ పిల్లని భుజం తట్టి, ఒక్క ఆదివారం ఆ పుస్తకం మూసి మీర్‌పేట్ బస్సెక్కవే అని చెప్పాలనిపిస్తుంది. వినదు. తల కూడా ఎత్తకుండా, వచ్చే ఆదివారం అంటుంది.