కమానుకు ఒక పట్టీ ఎక్కువ

మా బాబాయి పోయాడని మంగళవారం పొద్దున్నే నేను పెరిగిన గుఢియారీ నుంచి ఫోను వచ్చింది. రైల్వే వర్క్‌షాపులో వ్యాగన్లు బాగుచేసే ఫిట్టరుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసిన మనిషి. నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. నాలుగు మంచి మాటలు రాద్దామనే కూర్చున్నాను. ఆయనకు నేను చేసిన అన్యాయం కూడా రాయకపోతే ఆ నాలుగూ అబద్ధాలవుతాయి.

బాబాయి ఒక పాత చిన్న కారు కొన్నాడు. మా వీధి తెలుగువాళ్ళలో అదే మొదటి కారు. నలుగురెక్కితే వెనక కుంగేది, మలుపు తిరిగితే ఊగేది. ఆ ఊపును ఆపే షాకర్లు కొత్తవి కొనే స్తోమత లేదు. వ్యాగన్లతో అరిగిన చెయ్యి కదా, కుంగిందంటే, బరువు మోసే ఇనుప పట్టీల కట్ట, అదే కమాను, బలం చాలలేదనే ఆయన లెక్క. పాత ఇనుము బజారు నుంచి రెండు పట్టీలు తెచ్చి, వెనక కమాన్లలో అటొకటి ఇటొకటి చేర్చి బిగించాడు. "సూసినావేట్రా, ఇంక ఏనుగెక్కినా కుంగదు" అని మీసం దువ్వుకున్నాడు. నిజంగానే కుంగలేదు. కానీ బరువు లేనప్పుడు గతుకు తగిలితే వెనక చక్రాలు ఎగిరేవి. వ్యాగనుకైతే కింద పట్టాలుంటాయి, కారుకు ఉండవు. ఆ తేడా మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఆ వానాకాలం పిన్నిని అభన్‌పూర్‌లో చుట్టాలింటికి నేనే తీసుకెళ్ళాను. బాబాయికి డ్యూటీ. ధమ్తరీ రోడ్డు మలుపులో గుంట తగిలి, కారు వెనకభాగం ఎగిరి, తడి మీద పక్కకు జారింది. పిన్ని కూర్చున్న వైపు చెట్టుకు కొట్టుకుంది. నాకు చెయ్యి విరిగింది. పిన్ని అక్కడే పోయింది.

బండి చూసిన మిస్త్రీ, "పట్టా జ్యాదా లగా దియా, ఇసీలియే ఉఛలీ" అన్నాడు. పట్టీ ఎక్కువ వేసినందుకే ఎగిరిందట. బాబాయి నా వైపు చూశాడు. నేను అవునని తలూపాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఆ ఆకుల్ని బాబాయి ఇరవై ఏళ్ళు వదల్లేదు. ఎవరింటి ముందు చిన్న కారు కనబడినా ఆగి, దాని మూలను అరచేత్తో గట్టిగా నొక్కి వదిలేవాడు. ఒక్క ఊపుతో నిలబడితే సరే. ఇంకా ఊగుతూంటే ఆ ఇంటాయన్ని బయటికి పిలిచి చీవాట్లు పెట్టేవాడు. "డబ్బుల్లేకపోతే కల్లెట్టి సూడాల. ముందర టైర్లు సూడు, గాలి సూడు. తరవాత రబ్బరు బుష్‌లు. తరవాత షాకర్లు. కమాను జోలికి ఆకర్న ఎల్లు." ఆదివారాలు గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరి, అరిగిన బుష్‌లు ఊరికే మార్చిపెట్టేవాడు. టీ ఇచ్చినా తాగేవాడు కాదు. ఎవరైనా మెచ్చుకోబోతే, "నా ఆడదాన్ని నానే సంపీసుకున్నాను" అనేవాడు. ఆ మాట నా ముందే ఎన్నోసార్లు అన్నాడు.

ఆ రోజు ముందు పోతున్న లారీని దాటాలన్న పంతం నాది. మలుపు అని తెలిసీ వేగం తగ్గించలేదు. తప్పు కొంత పట్టీది, కొంత నాది. మొత్తం ఆయన నెత్తిన పెట్టి, ఆయన ఇంట్లోనే అన్నం తిన్నాను. పిరికివాణ్ణి.

పోయిన నెల, ఆయన మంచం పట్టాక, చెప్పేశాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. పైకప్పు రేకుల వంక చూస్తూ, "అప్పుడు మీ పిన్ని ఏటన్నాదిరా?" అని అడిగాడు.

"'నెమ్మదిగా ఎల్లు నాయినా, మీ బాబాయి మనసెట్టి బాగుసేసిన బండి' అంది."

"మల్లీ అను."

అన్నాను. మళ్ళీ అనమన్నాడు. ఆ మధ్యాహ్నం పిన్ని అన్నట్టే ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆయన కళ్ళు మూసుకుని, దుప్పటి అంచు గుప్పిట్లో పట్టుకుని ఆమె మాట విన్నాడు. నా వైపు మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు.