చిన్న చెప్పుల హైకూ

కృష్ణపట్నం కరెంటు ప్లాంటులో పనికి వచ్చిన జపాన్ ఇంజనీరు భార్య హైకూలు రాస్తుందని తెలిసి, ఆమెను మా ముత్తుకూరు కాలేజీకి పిలిచాం. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లుగా రాస్తున్నదట, మూడు పుస్తకాలు వచ్చాయట. నేను ఇంగ్లీషు లెక్చరర్ని కాబట్టి ఆమె మాటలు తెలుగులో చెప్పే పని నాకు పడింది. వారం ముందే ఆమె పది హైకూలు ఇంగ్లీషులో రాసి పంపింది. అనుమానం ఉంటే ఫోన్ చేయమని కింద నంబరు కూడా వేసింది. మూడేసి పాదాలేగా, అక్కడికక్కడే చెప్పేయొచ్చనుకుని ఆ కాగితం మడత కూడా విప్పలేదు.

సభ రోజు ఒక్కో హైకూ ముందు జపాన్ భాషలో, తర్వాత ఇంగ్లీషులో చదివింది. మొదటి రెండూ ఉన్నదున్నట్టు చెప్పాను. ఎవరిలోనూ చలనం లేదు. వెనక వరసల్లో ఫోన్లు బయటికి వచ్చాయి. నాకు చెమట పట్టింది. అప్పుడు మూడోది చదివింది.

వాన వస్తోంది
ఆ చిన్న చెప్పులు కూడా
లోపల పెడతాను

నేను మైకు దగ్గరికి లాక్కున్నాను. "ఈ అవ్వగారి మనవడు మహా అల్లరోడు. చెప్పులు వీధిలో వదిలేసి పరుగెత్తుతాడు. ఈమె తిట్టుకుంటూ ఏరుకొస్తుంది!"

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు నా తలకెక్కింది. మిగిలిన ఏడింటికీ అలాగే ఏదో ఒకటి అతికించాను. ఆమె మాత్రం ఒక్కసారి నా వైపు చూసి తల దించుకుంది.

సభ అయ్యాక, టీ కప్పులు తీస్తున్న మా అటెండరు నా దగ్గరికి వచ్చింది. చేపలు పట్టే ఇంటి ఆడమనిషి.

"ఆయమ్మ చెప్పింది రవ్వంత గదా మేడం, మీరేంది అంతసేపు చెప్పినారు?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"ఆ చెప్పుల బిడ్డ ఉండాదా మేడం? ఆయమ్మ గొంతు వింటా ఉంటే లేదేమో అనిపించింది."

కారెక్కబోతున్న జపాన్ ఆవిడను ఆపి, ఆ చెప్పులెవరివని అడిగాను.

"మా అమ్మాయివి. ఆరేళ్లప్పుడు జ్వరంతో పోయింది. ఆ తర్వాతే రాయడం మొదలుపెట్టాను," అంది మామూలుగా. కారు తలుపు తెరిచి, "వాళ్లెందుకు నవ్వారు?" అనడిగింది.

"మీ కవిత నచ్చి," అన్నాను.

ఆమె నడుము వంచి నాకు నమస్కారం చేసింది.

పది రోజులు ప్లాంటు బస్సు కనబడితే చాలు, ముఖం తిప్పుకున్నాను. చివరికి వాళ్ల క్వార్టర్స్‌కు వెళ్లి ఉన్న సంగతి చెప్పేశాను. ఆమె "ఆ రోజే అనుకున్నాను," అంది. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. లోపలికెళ్లి కాగితం తెచ్చి, పది హైకూల్లో ఒక్కో మాటకూ అర్థం చెప్పింది. మళ్లీ తెలుగు చేశాను.

తర్వాతి వారం క్లాసులో ఆ మూడు పాదాలు చదివి, నేను చేసిన పని పిల్లలకు చెప్పాను. ఎవరూ నా ముఖం చూడలేదు. కానీ ఆ సభకు వచ్చినవాళ్లలో సగం మంది కూడా అక్కడ లేరు. మిగతావాళ్లు అప్పటికే ఆఖరి పరీక్షలు రాసి కాలేజీ వదిలి వెళ్లిపోయారు. వాళ్ల లెక్కలో ఆమె ఇప్పటికీ అల్లరి మనవడి అవ్వే.