గడ్డి ట్రాక్టరెక్కిన మోడెం

ఇంటర్నెట్ పోవడం అందరి ఇళ్ళలోనూ జరిగేదే. కానీ మా ఇంట్లో పోయినట్టు ఎవరింట్లోనూ పోయి ఉండదు. మీ ఇంట్లో అయితే మోడెం మీద లైటు ఆరిపోతుంది. మా ఇంట్లో మోడెమే లేచి, కిటికీలోంచి బయటికి దూకి, వేమూరు రోడ్డు పట్టుకుని వెళ్ళిపోయింది. దాన్నలా సాగనంపిన ఘనుణ్ణి నేనే. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ, గదిలో ఒక్కణ్ణే ఉన్నా సరే, తల దించుకుంటాను.

తెనాలిలో టెలిఫోను తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజులవి. నేను పదో తరగతితో చదువాపి రైసు మిల్లులో గుమాస్తాగా చేరినవాణ్ణి. లెక్కలు నాకెవరూ నేర్పలేదు, నేనే నేర్చుకున్నాను. అందులో ఒక ప్రమాదముంది. నేర్పేవాళ్ళు లేకపోతే తప్పని చెప్పేవాళ్ళూ ఉండరు. వీధిలో ఎవరు గది వేసుకుంటున్నా ఎన్ని ఇటుకలు పడతాయో వాళ్ళు అడక్కముందే చెప్పేవాణ్ణి. వాళ్ళు వినకుండానే ఇల్లు కట్టుకునేవాళ్ళు. ఆ ఇళ్ళన్నీ ఇప్పటికీ నిక్షేపంగా ఉన్నాయి.

లైన్‌మన్ వచ్చి, గుమ్మంలో నిలబడి వీధి చివరి స్తంభం చూపించాడు.

"అక్కణ్ణుంచి గోడల వెంబడి తిప్పి తెచ్చేస్తానండి. సాయంత్రానికల్లా లైట్లు వెలుగుతాయి."

"గోడల వెంబడా? ఎంత వంకరో చూశావా? ఎదురింటి డాబా మీంచి సూటిగా తెస్తే అరవై అడుగులు కలిసొస్తుంది."

"కలిసొస్తే ఏం చేసుకుంటారండి?"

"వేగమయ్యా! ఎక్స్‌ఛేంజి నుంచి తీగ ఎంత పొడుగైతే నెట్ అంత నెమ్మది. ఆ సంగతి మీ ఆఫీసులోనే చెప్పారు."

అతను నన్నొకసారి, ఆకాశాన్నొకసారి చూసి, "మీ ఇష్టమండి" అన్నాడు. టిఫిను వేళ దాటిపోతోంది పాపం. మా ఇంటికీ ఎక్స్‌ఛేంజికీ మధ్య రెండు కిలోమీటర్ల దూరం. అందులో అరవై అడుగులు తగ్గించడమంటే, గుంటూరు వెళ్ళే బస్సులో ముందు సీటులో కూర్చుంటే ఊరు తొందరగా వస్తుందనుకోవడమే. ఆ భాగహారం మాత్రం ఆ రోజు చెయ్యలేదు.

ఎదురిల్లు దానియేలు మాస్టారిది. హైస్కూలు హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన డాబా పిట్టగోడకు కొక్కెం కొట్టుకోవడానికి అనుమతి కావాలి. వెళ్ళాను. అనుమతి అడిగి లేచి వచ్చేస్తే సరిపోయేది. బ్రాడ్‌బ్యాండ్ అంటే ఏమిటో కూడా ఆయనకు బోధపరిచాను.

"మన పంటకాలవ ఉందనుకోండి మాస్టారూ. నీళ్ళు అటూ ఇటూ కూడా పారతాయనుకోండి. మోడెం అంటే లాకుల లాంటిదన్నమాట."

"అలాగా అండీ."

"పెద్ద కాలవనుకోండి, అదే బ్రాడ్."

"ఆహా."

కాఫీ వచ్చింది, చల్లారింది, మాస్టారమ్మ మళ్ళీ వేడి చేసి తెచ్చారు. నా కాలవ ఇంకా సముద్రంలో కలవలేదు. చివరికి ఆయన "కొక్కెమే కదండీ, కొట్టుకోండి, దానికేముంది" అన్నారు.

ఇక తీగ ఎత్తు సంగతి. నా జాగ్రత్త చూడండి. వీధిలో వెళ్ళే వాహనాలు తగలకూడదని ఒక వెదురు గడకు సుద్దముక్కతో అడుగులు గుర్తులు పెట్టి, వారం పాటు రోజూ పొద్దున మా గేటు దగ్గర నిలబడ్డాను. పాల వ్యాను ఆపి కొలిచాను. స్కూలు బస్సు ఆపి కొలిచాను. పిల్లలంతా కిటికీల్లోంచి చేతులూపారు. ఆటో ఆపితే డ్రైవరు తల బయట పెట్టాడు.

"ఏంటి బాబాయ్, మా ఆటో ఎత్తు కొలుస్తున్నారు? ఏదన్నా సంబంధం చూశారా?"

"నువ్వు పోవయ్యా, పని మీదున్నాను."

"ఎత్తు తక్కువైనా మంచి రంగు బాబాయ్. కాస్త చెప్పి చూడండి."

అన్నిటిలోకీ బియ్యం లారీ ఎత్తు. దానికి ఇంకో రెండడుగులు కలిపి కొక్కెం కొట్టించాను. అది ఆశ్వయుజ మాసం. చేలల్లో వరి ఇంకా పచ్చగా ఉంది. డెల్టాలో పుట్టి, డెల్టాలో పెరిగి, ధాన్యం లెక్కలు రాసుకుని బతికేవాణ్ణి, వరికి గడ్డి కూడా ఉంటుందన్న సంగతి మర్చిపోయాను.

"కాస్త వదులుగా వదిలేద్దామండి" అన్నాడు లైన్‌మన్, చివర్లో.

"వదులంటే వృథా. లాగు."

కాకి వాలితే వీణ పలికినట్టు పలికేంత బిగించాను. ఇంట్లో ఎవరి చెయ్యైనా తగిలి మోడెం వెనక పిన్ను ఊడిపోతుందేమోనని, మోడేన్నీ తీగనీ కలిపి పురికొసతో చుట్టి, మిల్లులో బస్తా మూతికి వేసే ముడి వేశాను.

మా అక్క వాళ్ళది బాపట్ల. అక్క కూతురు సుధ డిగ్రీ ఎప్పుడో పూర్తి చేసి, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ, బ్యాంకు పరీక్షలకు చదువుకుంటోంది. మార్గశిరంలో ఒక సాయంత్రం ఫోను చేసింది.

"మావయ్యా, బ్యాంకు వాళ్ళు దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టమంటున్నారు. ఇక్కడ నెట్ సెంటర్లో చేసేస్తాను."

"సెంటర్లోనా? నీ వివరాలన్నీ ఊళ్ళోవాళ్ళు చూస్తారు. మేనమామ ఇంట్లో సొంత నెట్ ఉండగా సెంటరేంటే?"

"గడువు చివరి రోజు గానీ నాకు స్కూల్లో సెలవు దొరకదు మావయ్యా. ఆ రోజు సాయంత్రం ఐదింటికి మూసేస్తారు."

"ఐదింటిదాకా ఎందుకు? మన వేగానికి కాఫీ తాగేలోపు అయిపోతుంది."

అక్క ఫోను లాక్కుని, "దానికిది ఆఖరి అవకాశంరా తమ్ముడూ. ఈసారి రాయకపోతే వయసు దాటిపోతుంది. నీ మీద భరోసాతో పంపిస్తున్నా" అంది. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆ రోజు సుధ మధ్యాహ్నం రైలు దిగి వచ్చింది. అన్నం తిని కంప్యూటరు ముందు కూర్చుంది. నేను వెనక నిలబడి తీగ చరిత్ర చెబుతున్నాను. సగం వివరాలు నింపింది. వీధిలో ట్రాక్టరు చప్పుడు వినిపించింది. నేను పట్టించుకోలేదు. నా కొలతల్లో ట్రాక్టరు ఉంది మరి, ఖాళీది.

"మావయ్యా, పేజీ కదలడం లేదు."

"ఒక్కోసారి అంతే. ఆగు."

"మావయ్యా, మోడెం కదులుతోంది."

చూశాను. బల్ల మీద మోడెం కిటికీ వైపు నడుస్తోంది. కరెంటు తీగ ఊడింది, కంప్యూటరు తీగ తెగింది. ఊచల దగ్గర ఒక్క క్షణం ఆగి, అడ్డంగా తిరిగి, నాకంటే తెలివిగా సందులోంచి బయటికి దూరింది.

కిటికీ దగ్గరికి పరిగెత్తాను. వీధి నిండా గడ్డి. రెండో అంతస్తు ఎత్తున గడ్డేసుకుని ట్రాక్టరు వెళుతోంది. గడ్డి మీద ఒకతను పంగలకర్రతో తీగలెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు. ఊళ్ళో తీగలన్నీ లేచాయి గానీ, బిగించిన నా తీగ లేవలేదు. మాస్టారి పిట్టగోడ నుంచి కొక్కెం, కొక్కేనికి అంటుకుని ఇంత సిమెంటు పెళ్ళ, ఒక చామంతి కుండీ రాలిపడ్డాయి. స్తంభం దగ్గర తీగ తెగింది. మిగతాదంతా గడ్డికి చుట్టుకుని, తోకలా మోడేన్ని వేలాడేసుకుని పోతోంది.

"ఆపరా! ఒరే ఆపు!" అని పైనున్నతను అరుస్తున్నాడు. డ్రైవరు పాటలు పెట్టుకున్నాడు.

అప్పుడు టైము మూడున్నర. సుధ కుర్చీలోంచి లేచి గుమ్మంలోకొచ్చింది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏవండీ, పిల్ల..." అంది. నేనెక్కడ విన్నాను? చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తి, ఎదురొచ్చిన ఆటో ఎక్కాను. సంబంధం అడిగిన ఆటోయే అది, నా ఖర్మ.

"ఆ గడ్డి ట్రాక్టరు వెనకే పోనీ!"

"గేదెలు కొన్నారా బాబాయ్?"

"నా మోడెం దాని మీదుంది!"

"అయ్యో, పెద్దవారా? పడిపోతారేమో!"

రైలు గేటు దగ్గర దాన్ని అందుకునేవాళ్ళమే. ట్రాక్టరు అటు దాటడమూ, మా ముందు గేటు పడడమూ ఒక్కసారే జరిగాయి. రేపల్లె పాసింజరు తీరిగ్గా వచ్చి, తీరిగ్గా వెళ్ళింది. ఊరి అందం చూపిద్దామని తెచ్చారేమో, దాని వెనకే ఒక గూడ్సు. వేమూరు దగ్గరికొచ్చేసరికి ట్రాక్టరు ఒక రైతు దొడ్లో ఆగి ఉంది. గడ్డి మీదున్నతను అప్పటికే తీగని చుట్ట చుట్టి, మోడేన్ని టిఫిను క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"మీదా అండీ ఇది? రేడియో అనుకున్నాను. ఎంత తిప్పినా స్టేషను తగల్లేదు."

"దీంతో మా మేనకోడలి బ్యాంకు దరఖాస్తు పంపాలయ్యా. ఐదింటికి మూసేస్తారు."

అతను మోడేన్ని చూశాడు, నా ఒట్టి కాళ్ళు చూశాడు.

"దీంట్లో పెట్టి పంపుతారా అండీ? మరి ఆ అమ్మాయేదీ?"

ఏమీ లేదు, మామూలుగా అడిగాడు. నాకు మాత్రం అప్పుడు తట్టింది. అమ్మాయేదీ? మోడెం నా చేతిలో ఉంది. దాన్ని తగిలించడానికి ఊళ్ళో తీగ లేదు. ఇంటికి చేసి చెబుదామంటే, అదే తీగ మీద నడిచే ఫోనూ లేదు. పిల్లని ఆటో ఎక్కించి స్టేషను దగ్గర నెట్ సెంటరుకు తీసుకెళ్ళి ఉంటే పావుగంట పని. కొత్త ఊళ్ళో దాన్ని గుమ్మంలో నిలబెట్టి, ప్లాస్టిక్ డబ్బా కోసం వేమూరు వచ్చాను. ఇటుకల నుంచి ధాన్యం బస్తాల దాకా అన్నీ లెక్కేసేవాణ్ణి, ఈ కాస్త లెక్క వెయ్యలేకపోయాను.

దారిలో డ్రైవరు తన చెప్పులు విప్పి నా కాళ్ళ దగ్గరికి తోశాడు. అంత వేళాకోళగాడూ చెప్పులిచ్చాడంటే నా మొహం ఎలా ఉందో మీరే ఊహించుకోండి.

ఇంటికొచ్చేసరికి ఐదు దాటింది. మా ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది.

"సుధేదీ?"

"ఎదురింట్లో."

"ఎదురింట్లో ఏం చేస్తోంది?"

"దరఖాస్తు పంపించేసి కాఫీ తాగుతోంది."

"ఎదురింట్లో కంప్యూటరు ఎక్కడిది?"

మా ఆవిడ గడ్డంతో ఎదురింటి వైపు చూపించింది. చేతిలో మోడెంతో, జుట్టులో గడ్డితో వీధి దాటాను. పడిన చామంతి కుండీ మట్టిని మాస్టారమ్మ చీపురుతో ఎత్తుతున్నారు. లోపలి గదిలో కంప్యూటరు. పక్కన అల్మారాలో మోడెం. దాని మీద పచ్చ లైట్లు.

"ఏడాదవుతోందండీ పెట్టించి" అన్నారు దానియేలు మాస్టారు, తప్పు తనదైనట్టు. "వెనకవీధి స్తంభం నుంచి గోడ వెంబడి తెచ్చారు."

"మరి ఆ రోజు నేను అంతసేపు చెబుతుంటే..."

"బాగా చెబుతున్నారండీ. కాలవ, లాకులు... మధ్యలో ఆపడం మర్యాద కాదనిపించింది."

సుధ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నా చేతిలోది చూసి నవ్వబోయి ఆగిపోయింది.

"నాకు మోడెం ఎందుకు మావయ్యా? నువ్వుంటే సెంటరుకు తీసుకెళ్తావనుకున్నా. ఈ ఊళ్ళో ఎటెళ్ళాలో నాకేం తెలుసు? నువ్వేమో ఆటో ఎక్కేశావు. ఈ మాస్టారు తాతయ్య పిలవకపోతే ఇంకా గుమ్మంలోనే ఉండేదాన్ని."

చేతిలో మోడేన్ని గుమ్మం పక్కన కింద పెట్టేశాను.

ఆ దరఖాస్తుతోనే పరీక్ష రాసింది. గట్టెక్కింది. రేపల్లె బ్రాంచిలో ఉద్యోగం ఇచ్చారు. "మా తమ్ముడి ఇంట్లో నెట్ వల్లే" అని మా అక్క బాపట్లంతా చెప్పుకుంది. సుధ దాన్ని సరిదిద్దలేదు. నేనూ దిద్దలేదు. ఆ గౌరవం ఒంటి మీద కొత్త గోనెసంచిలా ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

కిందటేడు రేపల్లె వెళ్ళినప్పుడు దాన్ని చూద్దామని బ్యాంకుకు వెళ్ళాను. జనం కిటకిటలాడుతున్నారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కౌంటరులోకి వెళ్ళింది. బయట ఇద్దరు మనుషులు నిచ్చెనేసుకుని బ్యాంకుకు కొత్త ఇంటర్నెట్ తీగ లాగుతున్నారు, రోడ్డుకు అడ్డంగా. నేను ఏమీ అనలేదు. లేవలేదు. మెడ మాత్రం దానంతటదే లేచింది. కుడి చెయ్యి వెదురు గడ కోసం గాల్లోకి చాచుకుంది.

కౌంటరు వెనక నుంచి, బ్యాంకంతా వినేలా, కేక వినిపించింది.

"మావయ్యా, కిందికి చూడు!"

చూశాను. అందుచేత మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. తెనాలిలో గానీ, బాపట్లలో గానీ, రేపల్లెలో గానీ, నా తలకంటే ఎత్తులో ఉన్న దేన్నీ ఇక కొలవను. గుమ్మంలో పిల్ల నిలబడి ఉండగా, పోతున్నది వస్తువైతే, అది బంగారపుదైనా సరే, పోనిస్తాను. పోయేది ఎంత ఎత్తు గడ్డి మీదో కూడా అడగను.